అమెరికా బీఫ్ మీద కొరియా భయం: రోగం ఎంత, రాజకీయం ఎంత?

మీరు అడిగింది క్లుప్తంగా మళ్లీ చెబుతాను. మీరు సియోల్‌లో ఉద్యోగం చేస్తున్నారు. 2008లో అమెరికా గొడ్డు మాంసం వద్దంటూ జనం కొవ్వొత్తులు పట్టుకుని వేలాదిగా రోడ్ల మీదికి వచ్చారని మీ కొరియన్ కొలీగ్స్ చెప్పారు. ఇప్పుడు చూస్తే అదే మాంసం మీ ఇంటి పక్క మార్ట్‌లో ఆఫర్ పెట్టి అమ్ముతున్నారు. అప్పటి భయం నిజమా, కావాలని రేపిందా? దేశాలు బీఫ్ దిగుమతులు ఆపేయడంలో సైన్స్ ఎంత, రాజకీయం ఎంత? ఇప్పుడు మీరు తినొచ్చా?

ముందు సూటిగా జవాబు. తినొచ్చు. 2008లో కూడా ఆ మాంసం వల్ల మనిషికి పిచ్చి ఆవు రోగం వచ్చే అవకాశం దాదాపు లేనంత తక్కువ. అలాగని ఆ జనాన్ని అమాయకులని కొట్టిపారేస్తే నేను ఒప్పుకోను. రోగం విషయంలో వాళ్ల అంచనా ఎక్కువైంది. తమ ప్రభుత్వం తమను అడక్కుండా ఏం వదులుకుందో మాత్రం సరిగ్గానే పట్టుకున్నారు. బీఫ్ నిషేధాలన్నిటిలోనూ నాకు కనిపించేది ఇదే: మొదలవడానికి చాలాసార్లు నిజమైన రోగమే కారణం. ఎంతకాలం సాగాలో, ఎప్పుడు ఎత్తేయాలో తేల్చేది రాజకీయం.

నేను పశువైద్యుణ్ణి. సర్వీసులో ఎక్కువ భాగం గేదె మాంసం ఎగుమతి చేసే కబేళాల్లో పశువులను, మాంసాన్ని పరీక్షించి హెల్త్ సర్టిఫికెట్లు ఇవ్వడంలోనే గడిచింది. అవతలి దేశం వాళ్లు ఏం అడుగుతారో, ఎందుకు అడుగుతారో దగ్గర నుంచి చూశాను. అందుకే ఈ జవాబు కొంచెం పొడుగవుతుంది.

రోగం సంగతి ముందు. బీఎస్ఈ అనే ఈ జబ్బును 1986లో బ్రిటన్‌లో గుర్తించారు. చచ్చిన పశువుల మాంసం, ఎముకలు పొడి చేసి మళ్లీ పశువుల దాణాలోనే కలపడం వల్ల అది దేశమంతా పాకింది. గడ్డి తినే జంతువుకు తన జాతి ఎముకల పొడినే పెట్టారన్నమాట. దీనికి కారణం బ్యాక్టీరియా కాదు, వైరస్ కాదు, వంకర తిరిగిన ఒక ప్రొటీన్. ప్రియాన్ అంటారు. ఉడకబెట్టినా చావదు. బ్రిటన్‌లో 1,80,000కు పైగా పశువులకు ఈ జబ్బు సోకింది. 1990లో అక్కడి వ్యవసాయ మంత్రి జాన్ గమ్మర్ టీవీ కెమెరాల ముందు తన నాలుగేళ్ల కూతురికి బర్గర్ అందించి, బీఫ్‌తో ఏ ప్రమాదమూ లేదని చూపించాడు. ఆరేళ్ల తర్వాత, 1996 మార్చి 20న, ఆరోగ్య మంత్రి స్టీఫెన్ డోరెల్ పార్లమెంటులో నిలబడి మనుషుల్లో కొత్తగా కనిపిస్తున్న మెదడు జబ్బుకు దీనికి సంబంధం ఉండే అవకాశం ఉందని ఒప్పుకున్నాడు. వారం తిరక్కుండానే యూరప్ మొత్తం బ్రిటన్ బీఫ్‌ను ఆపేసింది.

ఆ మనిషి జబ్బుతో బ్రిటన్‌లో 178 మంది చనిపోయారు. ప్రపంచం మొత్తం కలిపినా కేసులు సుమారు 230. లక్షల మంది పోతారని భయపడ్డారు, అలా జరగలేదు. అయితే పోయినవాళ్లలో చాలామంది పడుచువాళ్లు, మెదడు కొంచెం కొంచెంగా పాడై నెలల తరబడి బాధపడి పోయారు. అన్నిటికంటే ముఖ్యం, ప్రమాదం లేదని ప్రభుత్వం చెప్పిన మాట తప్పని తేలింది. ఆ తర్వాత ఏ దేశంలో మంత్రి వచ్చి బీఫ్ క్షేమం అన్నా జనానికి ఆ బర్గరే గుర్తొచ్చేది.

ఇప్పుడు కొరియా. 2003 డిసెంబర్‌లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో మొదటి కేసు దొరికింది. అది కెనడాలో పుట్టిన ఆవు. జపాన్, కొరియా సహా చాలా దేశాలు వెంటనే అమెరికా బీఫ్‌ను ఆపేశాయి. అప్పటికి కొరియా ఏటా 80 కోట్ల డాలర్ల పైచిలుకు సరుకు కొనేది, కాబట్టి అమెరికా రైతులకు అది పెద్ద దెబ్బే. ఆపడం సబబే. మీ దేశంలోకి కొత్త రోగం రాకుండా ముందు తలుపు వేసి, తర్వాత విచారించుకోవడం ఏ పశువైద్య శాఖ అయినా చేసే పనే. ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనలు కూడా దాన్ని ఒప్పుకుంటాయి. పూర్తి ఆధారాలు లేనప్పుడు తాత్కాలికంగా ఆపొచ్చు, కాకపోతే తగిన గడువులోపు ప్రమాదాన్ని లెక్కగట్టి చూపించాలి.

తలుపు మళ్లీ తెరిచే దగ్గరే పేచీ వచ్చింది. 2006లో 30 నెలల లోపు పశువుల బోన్‌లెస్ మాంసం మాత్రమే తీసుకుంటామని కొరియా ఒప్పుకుంది. మొదట వచ్చిన లోడుల్లో చిన్న ఎముక ముక్కలు కనబడితే వెనక్కి పంపేసింది. 30 నెలల లెక్క ఎందుకంటే, ఈ జబ్బు బయటపడటానికి పశువులో ఏళ్లు పడుతుంది. లేత పశువులో దాదాపు కనిపించదు. ఉన్నా మెదడు, వెన్నుపాము, కళ్లు, చిన్నపేగు చివరి భాగం లాంటి చోట్లే ఉంటుంది. ఆ భాగాలు తీసేస్తే కండలో ప్రమాదం లేనట్టే. 2007 మేలో అంతర్జాతీయ పశు ఆరోగ్య సంస్థ అమెరికాకు ‘ప్రమాదం అదుపులో ఉన్న దేశం’ హోదా ఇచ్చింది. అంటే ఆ భాగాలు తీసేస్తే వయసు పరిమితి అక్కర్లేదని అర్థం.

2008 ఫిబ్రవరిలో లీ మ్యుంగ్ బాక్ అధ్యక్షుడయ్యాడు. ఏప్రిల్ 18న బీఫ్ ఒప్పందం కుదిరింది, 30 నెలలు దాటిన పశువుల మాంసానికి కూడా దారి తెరిచారు. మర్నాడే ఆయన క్యాంప్ డేవిడ్‌లో అమెరికా అధ్యక్షుడు బుష్‌ను కలిశాడు. అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందానికి వాళ్ల కాంగ్రెస్ ఆమోదం కావాలి, బీఫ్ తేలకుండా అది కదలదు. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే కొరియా జనానికి ఏమనిపించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఏప్రిల్ 29న ఎంబీసీ టీవీలో పీడీ నోట్‌బుక్ అనే కార్యక్రమం వచ్చింది. అందులో చూపించిన వీడియో ఒకటి చాలా బలమైంది. కాలిఫోర్నియాలోని ఒక కబేళాలో లేవలేని ఆవులను ఫోర్క్‌లిఫ్ట్‌తో తోస్తూ, షాకులిస్తూ బలవంతంగా నిలబెడుతున్న దృశ్యాలవి. అమెరికా జంతు సంక్షేమ సంస్థ రహస్యంగా తీసింది. దాని వల్లే ఆ ఫిబ్రవరిలో 14.3 కోట్ల పౌండ్ల మాంసాన్ని వెనక్కి పిలిచారు, అందులో కొంత బడి పిల్లల భోజనాలకు వెళ్లింది. ఇదంతా నిజం. అయితే లేవలేని ఆవు అంటే పిచ్చి ఆవు కాదు. మా కొట్టంలో లేవలేని పశువు కనబడితే మేం ముందు చూసేది కాలు విరిగిందా, పాలజ్వరమా, లారీ ప్రయాణంలో నీరసించిందా అని. దాన్ని కోతకు పంపకూడదు, అందులో సందేహం లేదు. కానీ అలాంటి వాటిలో బీఎస్ఈ ఉండటం అరుదులోకెల్లా అరుదు. టీవీలో ఆ తేడా చెరిగిపోయింది. వర్జీనియాలో చనిపోయిన ఒక యువతికి ఇదే జబ్బన్నట్టు చూపించారు, పరీక్షల్లో కాదని తేలింది.

ఇంకో మాట జనాన్ని బాగా వణికించింది. కొరియన్లలో దాదాపు 94 శాతం మందికి ఒక రకం జన్యువు ఉందని, కాబట్టి వాళ్లకు ఈ జబ్బు ఎక్కువగా వస్తుందని. ఇందులో సగం నిజం. అప్పటిదాకా జబ్బు పడి నిర్ధారణ అయినవాళ్లందరిలో ఆ రకం జన్యువే ఉంది. బ్రిటన్ జనాభాలో అది 40 శాతం దగ్గర ఉంటుంది, కొరియన్లలో చాలా ఎక్కువ. కానీ జన్యువు ఉంటే రోగం వస్తుందని కాదు, రోగకారకం అంటూ ఒంట్లోకి వెళితే నిలదొక్కుకోవచ్చని మాత్రమే. అసలు ఆ ప్రొటీనే ప్లేట్లోకి రాకపోతే జన్యువు ఏది అయితేనేం? నిజమైన అంకె ఒకటి పట్టుకుని దానికి లేని అర్థం తగిలిస్తే పచ్చి అబద్ధం కంటే గట్టిగా నాటుకుంటుంది. నా సర్వీసులో ఎన్నో పుకార్లు విన్నాను, బాగా నిలబడినవన్నీ ఇలాంటివే.

ఆ కార్యక్రమం నిర్మాతల మీద ప్రభుత్వం కేసు పెట్టింది. కొన్ని విషయాలు వాస్తవం కాదని, అయినా అది పరువునష్టం నేరం కాదని 2011లో కొరియా సుప్రీంకోర్టు తేల్చింది. నా దృష్టిలో న్యాయమైన తీర్పు. తప్పు చెప్పినందుకు జర్నలిస్టులను జైలుకు పంపితే, రేపు నిజంగా ప్రమాదం వచ్చినప్పుడు చెప్పేవాడు మిగలడు.

మే 2న మొదటి కొవ్వొత్తుల సభ. ముందు వరసలో ఉన్నది ఎక్కువగా హైస్కూలు ఆడపిల్లలు. ఎందుకు? స్కూల్లో పెట్టే భోజనంలో ఏ మాంసం వేస్తారో ఎంచుకునే అవకాశం వాళ్లకు లేదు. తర్వాత తల్లులు పసిపిల్లల బండ్లు తోసుకుంటూ వచ్చారు. జూన్ 10 నాటికి సియోల్ నడిబొడ్డు నిండిపోయింది. అధ్యక్ష భవనం వైపు వెళ్లకుండా షిప్పింగ్ కంటైనర్లు గోడలా పేర్చారు. కేబినెట్ మొత్తం రాజీనామాకు సిద్ధపడింది. లీ రెండుసార్లు జాతికి క్షమాపణ చెప్పాడు.

తిండి అలవాటు కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. అమెరికన్లు ఎక్కువగా తినేది కండ. కొరియన్లు ఎముకలు గంటల తరబడి మరిగించి సూప్ తాగుతారు, పేగులు కాల్చుకుని తింటారు. మన హైదరాబాద్‌లో పాయా, బోటి, భేజా ఫ్రై తినేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. అమెరికా వాళ్ల ప్రమాద లెక్క స్టేక్ తినేవాడి కోసం వేసింది. పేగు తినేవాడు ఆ లెక్క తనకు సరిపోతుందా అని అడిగితే అది మూర్ఖత్వం కాదు.

జనం పట్టుకున్న అసలు పాయింట్ ఒకటుంది, ఇది చాలామంది మర్చిపోతారు. ఏప్రిల్ ఒప్పందం ప్రకారం అమెరికాలో మళ్లీ బీఎస్ఈ కేసు దొరికినా కొరియా తనంతట తాను దిగుమతి ఆపే వీలు లేదు. అంతర్జాతీయ సంస్థ అమెరికా హోదాను తగ్గించేదాకా ఆగాలి. ‘క్వారంటైన్ సార్వభౌమత్వం’ అని వాళ్లు నినదించింది దీని గురించే. పశువైద్యుడిగా చెబుతున్నాను, ఏ దేశమూ ఇలాంటి షరతు ఒప్పుకోకూడదు. సరిహద్దు దగ్గర సరుకు ఆపే అధికారం వదులుకున్నాక ఇక తనిఖీ అధికారికి పనేముంది? ఒత్తిడి పెరిగాక మే నెలలో అమెరికా ఉత్తరాల ద్వారా ఆ హక్కు ఉందని ఒప్పుకుంది. జూన్ 21న 30 నెలల లోపు పశువుల మాంసమే పంపుతామని అదనపు ఏర్పాటు కుదిరింది. అంటే వీధిలోకి వచ్చినవాళ్లు కొంత సాధించారు. 30 నెలల హద్దు ఇప్పటికీ ఉంది. 2025 సుంకాల చర్చల్లో అమెరికా గట్టిగా అడిగినా కొరియా దాన్ని వదల్లేదు.

ఇంకోటి గమనించండి. కేసు దొరికితే వెంటనే ఆపేస్తామని 2008లో కొరియా ప్రభుత్వం పత్రికల్లో ప్రకటనలు ఇచ్చింది. 2012 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో ఒక కేసు దొరికింది. ఆపలేదు, తనిఖీలు పెంచి ఊరుకుంది. సైన్స్ ప్రకారం అది సరైన నిర్ణయమే. ఆ కేసు ‘ఎటిపికల్’ రకం, దాణా వల్ల కాకుండా ముసలి ఆవుల్లో అరుదుగా దానంతట అదే వచ్చేది. కానీ మాటిచ్చి తప్పారు కదా. కొన్ని పెద్ద స్టోర్లు తమంతట తామే అమెరికా బీఫ్‌ను అరల్లోంచి కొన్నాళ్లు తీసేశాయి. సైన్స్ ప్రకారం చేయలేని హామీ ఇవ్వడమే అక్కడ తప్పు.

అమెరికాది కూడా ఏమంత శుభ్రమైన చేయి కాదు. 2004లో కాన్సస్‌కు చెందిన క్రీక్‌స్టోన్ ఫార్మ్స్ అనే కంపెనీ, జపాన్ కొనుగోలుదారుల కోసం మా ఖర్చుతో ప్రతి పశువునూ పరీక్షించుకుంటామని అడిగింది. వాళ్ల వ్యవసాయ శాఖ ఒప్పుకోలేదు. కోర్టుకు వెళితే చివరికి 2008లో అప్పీలు కోర్టు శాఖ పక్షానే నిలిచింది. లేత పశువుల్లో పరీక్ష చేసినా జబ్బు బయటపడదు, ఉత్తి ధైర్యం ఇస్తుందంతే అన్నది శాఖ వాదన. అది శాస్త్రీయంగా నిజమే. కానీ ఒకరు మొదలుపెడితే అందరూ చేయాల్సి వస్తుందని పెద్ద కంపెనీలకు బెంగ కూడా ఉంది. కొనేవాడు తన డబ్బుతో నమ్మకం కొనుక్కుంటానంటే వద్దనడం నాకు ఎప్పటికీ అర్థం కాలేదు.

మిగతా దేశాల కథలు త్వరగా చెప్పేస్తాను. యూరప్ నిషేధాన్ని 1999లో ఎత్తేసినా ఫ్రాన్స్ మాత్రం బ్రిటన్ బీఫ్‌ను 2002 దాకా రానివ్వలేదు, యూరప్ కోర్టు తప్పు అన్నాక కూడా. హార్మోన్లు వాడిన బీఫ్‌ను యూరప్ 1989 నుంచి ఆపింది. ప్రపంచ వాణిజ్య సంస్థలో ఓడిపోయినా నిషేధం ఎత్తకుండా, అమెరికా వేసిన ప్రతీకార సుంకాలు భరించింది. బ్రెజిల్‌లో 2021 సెప్టెంబర్‌లో రెండు ఎటిపికల్ కేసులు దొరికాయి. ఒప్పందం ప్రకారం బ్రెజిల్ తనే చైనాకు ఎగుమతి ఆపింది. ప్రమాదం లేదని అంతర్జాతీయ సంస్థ కొద్ది రోజుల్లోనే చెప్పింది, చైనా మాత్రం డిసెంబర్ దాకా తలుపు తీయలేదు. 2023లో అలాంటి ఒక్క కేసు దొరికితే నెల రోజుల్లో తీసేసింది, సరిగ్గా బ్రెజిల్ మంత్రి బీజింగ్‌లో ఉన్నప్పుడు. రోగం అదే. మారింది రెండు ప్రభుత్వాల మధ్య సంబంధమే. 2020 మేలో ఆస్ట్రేలియా కోవిడ్ పుట్టుక మీద విచారణ అడిగిన కొద్దివారాలకే నాలుగు ఆస్ట్రేలియా కబేళాల సరుకును చైనా లేబుళ్ల కారణం చూపి ఆపింది. లేబుల్ పొరపాట్లు ఉండొచ్చు. కానీ ఎప్పుడు వెతికారన్నది చూడాలి.

ఇలాంటివి మాకూ తగిలాయి. ఒకసారి కొనుగోలు దేశం రేవులో మా కంటైనర్లు సర్టిఫికెట్ ఫార్మాట్ సరిగా లేదని ఆపేశారు. అదే ఫార్మాట్‌తో అంతకుముందు దాకా సరుకు వెళ్లింది. అక్కడ లోకల్ పశువుల ధర పడిపోయి రైతులు గొడవ చేస్తున్నారని తర్వాత తెలిసింది. ధర కోలుకున్నాక, కాగితంలో అక్షరం మారకుండా కంటైనర్లు కదిలాయి.

మన దగ్గర చాలామంది కలిపేసే విషయం: పశువుకు వచ్చే రోగం వేరు, తినే మనిషికి వచ్చే ప్రమాదం వేరు. మన దేశం నుంచి ఆవు మాంసం ఎగుమతి నిషిద్ధం, వెళ్లేది బోన్‌లెస్ గేదె మాంసం. చాలా దేశాలు దాన్ని తీసుకోవు, కారణం గాలికుంటు. ఆ వ్యాధి తినేవాడికి ఏమీ చేయదు, కానీ వాళ్ల మందలోకి వెళితే పాడి పరిశ్రమ కుప్పకూలుతుంది. అందుకే మేం మాంసాన్ని 24 గంటలు చల్లగా ఉంచి పీహెచ్ 6 కంటే కిందికి దిగిందో లేదో చూస్తాం, ఆ పులుపుకు కండలోని వైరస్ చస్తుంది. ఎముకల్లో, లింఫు గ్రంథుల్లో అలా జరగదు కాబట్టి వాటిని తీసేస్తాం. బీఎస్ఈ విషయంలో మాత్రం 2010 నుంచి మనది ‘ప్రమాదం నామమాత్రం’ హోదా. ‘ఫలానా దేశం ఇండియా మాంసాన్ని బ్యాన్ చేసింది, అంటే అది విషం’ అని వాట్సాప్‌లో తిరిగేవన్నీ ఈ తేడా తెలియకే.

మనం కూడా ఇదే ఆట ఆడాం. బర్డ్ ఫ్లూ పేరుతో అమెరికా కోడి మాంసాన్ని, గుడ్లను 2007 నుంచి ఆపాం. ప్రమాదాన్ని లెక్కగట్టిన కాగితం చూపించమంటే మన దగ్గర లేదు. 2015లో ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీలు విభాగంలో ఓడిపోయాం. 2023లో టర్కీ, బాతు లాంటి వాటి మీద సుంకం తగ్గించి గొడవ ముగించాం. చికెన్ లెగ్స్ మీద మాత్రం 100 శాతం సుంకం ఉంచుకున్నాం. మన కోళ్ల రైతును కాపాడాలంటే ఇలా సుంకం పెట్టి ఆ మాట పైకి చెప్పడమే నిజాయితీ. రోగాన్ని సాకుగా వాడితే రోగం నిజంగా వచ్చిన రోజున మన మాట ఎవరూ వినరు.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో, తణుకు దగ్గర వేల్పూరు, పెరవలి మండలం కానూరులలో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు తెలంగాణ సరిహద్దులో కోళ్ల లారీలను ఆపింది. బతికున్న కోళ్ల రాకపోకలు ఆపడం సరైన పనే, వైరస్ అలాగే పాకుతుంది. కానీ హైదరాబాద్‌లో ఉడికించిన చికెన్ కూడా మానేసినవాళ్లను చూశాను. 70 డిగ్రీల వేడికి ఆ వైరస్ చస్తుంది. మా చుట్టాలందరికీ ఫోన్లో ఇదే చెప్పాల్సి వచ్చింది.

మీరు ఇకమీదట ఇలాంటి వార్త చూస్తే ఈ ప్రశ్నలు వేసుకోండి. భయం పశువు గురించా, మనిషి గురించా? ఆపిన దేశం తన సొంత పశువుల్లో అదే రోగం ఉంటే ఏం చేస్తోంది? ఎత్తేయడానికి షరతులు రాతపూర్వకంగా ఉన్నాయా, లేక ‘పరిశీలిస్తున్నాం’ అంటూ గడుపుతున్నారా? ఆఖరిదానికి జవాబు లేకపోతే అది రాజకీయమే అనుకోండి.

ఇక మీ మార్ట్ సంగతి. వాణిజ్య ఒప్పందం 2012లో అమల్లోకి వచ్చింది. 40 శాతం ఉన్న సుంకం ఏటా తగ్గుతూ 2026కి సున్నాకు చేరేలా రాసుకున్నారు. కొరియా ఇప్పుడు ఏటా 200 కోట్ల డాలర్లకు పైగా అమెరికా బీఫ్ కొనే దేశం. 2013లో అమెరికా హోదా కూడా ‘నామమాత్రం’కి పెరిగింది. ప్యాకెట్ మీద, హోటల్ మెనూలో ఏ దేశం మాంసమో రాయడం అక్కడ తప్పనిసరి, కాబట్టి వద్దనుకుంటే తేలిగ్గా తప్పించుకోవచ్చు. మీరు నిజంగా జాగ్రత్తపడాల్సింది ప్రియాన్‌ల గురించి కాదు, ఖీమా గురించి. 1993లో అమెరికాలో సరిగా ఉడకని బర్గర్ల వల్ల ఈ-కోలై సోకి నలుగురు పిల్లలు చనిపోయారు, 700 మందికి పైగా జబ్బుపడ్డారు. కండ ముక్కలో బ్యాక్టీరియా పైపైనే ఉంటుంది, ఖీమా కొట్టినప్పుడు లోపలంతా కలిసిపోతుంది. ఏ దేశం బీఫ్ అయినా సరే, ఖీమా మధ్యలో 71 డిగ్రీలు వచ్చేదాకా ఉడికించండి. పచ్చి మాంసం కోసిన కత్తి, పీట కడగకుండా కూరగాయలు తరగకండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే పచ్చి మాంసంతో చేసే యుక్‌హ్వే లాంటివి వాళ్లకు పెట్టకండి.